నది మట్టం సరే, పొలంలో నీళ్లు ఎన్ని రోజులుంటాయి? వరద సూచనపై చర్చ

సాగుసలహా

వరద లెక్కలు కట్టేవాళ్లు, పొలం చేసేవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడే పెడుతున్నాను.

రైతులకు పంట సలహాలు ఇవ్వడం నా పని. వానాకాలంలో ఫోన్‌కి వచ్చే వరద బులెటిన్ ఎప్పుడు చూసినా ఒకటే తీరు. ఫలానా గేజి (నది మట్టం కొలిచే చోటు) దగ్గర నది ఇన్ని మీటర్లకు చేరుతుంది, ఫలానా గంటకు గరిష్ఠం, ఆ తర్వాత తగ్గుముఖం. ఒడ్డున ఇల్లున్న మనిషికి అది చాలు, లేచి వెళ్లిపోవాలా వద్దా తేలిపోతుంది. రైతు అడిగేవి వేరు. మా మడిలోకి నీళ్లొస్తాయా? ఎంత లోతు? ఎన్ని రోజులుంటాయి?

ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. మొక్కజొన్న ఆరాకుల దశ దాటకముందు పెరిగే మొన ఇంకా మట్టిలోనే ఉంటుంది. నీళ్లు నిలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలో గాలి అయిపోతుంది, వెచ్చటి వాతావరణమైతే ఇంకా తొందరగా. వరి కొంత ఓర్చుకుంటుంది. సబ్1 జన్యువు ఉన్న రకాలైతే రెండు వారాల దాకా మునిగి మళ్లీ లేస్తాయి, కానీ అది పిలకల దశలో. పూత మీదుంటే ఆ జన్యువు ఆదుకోదు. గింజ ముదిరి పడిపోయిన చేనులో రెండు రోజుల నీళ్లకే మొలకలొస్తాయి. ఇంత తేడా ఉన్నప్పుడు 'నది గరిష్ఠ మట్టం' అన్న ఒక్క అంకెతో నేను ఏం సలహా ఇవ్వను?

సూచనను గేజి దగ్గర నుంచి పొలం దాకా తీసుకురావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నీటిలెక్క

చాలా మంచి ప్రశ్న. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

వాన, మట్టి, నది, పొలం: ఈ నాలుగు చోట్లా పొరపాటు దూరుతుంది. వాన అంచనా గురించి అందరికీ తెలుసు, దాన్ని వదిలేస్తాను. సాగు భూముల్లో మనం తక్కువ పట్టించుకునేది మట్టి. పడిన వానలో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది అని తేల్చడానికి ఇప్పటికీ ఎక్కువ చోట్ల వాడేది 1950ల్లో అమెరికా నేల సంరక్షణ విభాగం తెచ్చిన కర్వ్ నంబర్ పద్ధతి. నేల రకం, మీద ఉన్న పంట, అంతకుముందున్న తడి చూసి పట్టికలోంచి ఒక అంకె తీసుకుంటారు. తీసుకోవడం తేలిక. ఇబ్బంది ఏమిటంటే, అదే పొలం దుక్కి చేసిన వారానికి నీళ్లను పీల్చేసుకుంటుంది. నాలుగు గట్టి వానలు పడి పైన పొర గట్టిపడ్డాక, లేదా ట్రాక్టరు తిరిగి కింద మట్టి అణిగిపోయాక, అదే వానను జారవిడిచేస్తుంది. వరదను కంప్యూటర్‌లో లెక్కగట్టే చాలా మోడళ్లకు రెండూ ఒకటే పొలం.

వరి మాగాణి అయితే ఇంకో సంగతి. గట్లున్నంత ఎత్తు వరకు మడి నీళ్లను పట్టి ఉంచుతుంది, బయటికి చుక్క రాదు. నిండాక మాత్రం పడిన వానంతా ఒక్కసారిగా కాలవలో పడుతుంది. జపాన్‌లో నీగాటా ప్రాంతంలోని మురకామిలో 2002లో దీన్నే వరద తగ్గించే సాధనంగా మార్చారు. మడి తూముకి చిన్న రంధ్రమున్న పలక అమర్చి, నీళ్లు నెమ్మదిగా వదిలేలా చేశారు. దాన్ని 'వరి మడి ఆనకట్ట' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఒక చిన్న పలక వల్ల నీళ్లు దిగే తీరే మారుతోందంటే, గట్లు, తూములు లెక్కలో లేని మోడల్ పొలం గురించి ఏం చెబుతుంది?

కాబట్టి మొదటి మెట్టు మట్టి తడి, గట్ల నిల్వ. ఉపగ్రహం నుంచి మట్టి తడి వస్తుంది (2015లో వెళ్లిన స్మ్యాప్ అందులో ఒకటి), కానీ అది చూసేది పైనున్న అయిదు సెంటీమీటర్లు. కింద వేళ్ల దగ్గర ఎంత తడి ఉందో మోడల్‌తో ఊహించుకోవాలి, లేదా గుంత తీసి చూడాలి.

గట్టుమీద

నీటిలెక్క గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఒకటి అసలు ఎవరూ అనడం లేదు.

మాకు ముంపు రెండు రకాలు. ఒకటి నది పొంగి మీదికి రావడం. అది ఎప్పుడో ఒకసారి. రెండోది మా పొలంలో పడిన వాన మా పొలంలోనే ఉండిపోవడం. మురుగు కాలవ వెళ్లి నదిలో కలవాలి. నది మట్టం కాలవ కంటే ఎత్తుంటే కలవదు. నది నీళ్లు వెనక్కి తన్నకుండా కలిసే చోట షట్టరు దించేస్తారు. ఇక పైన వాన కొడుతూనే ఉంటుంది, కింద దారి మూసేసి ఉంటుంది. అప్పుడు కూడా బులెటిన్‌లో నది ప్రమాద మట్టం కంటే కిందే ఉందని, వరద లేదని రాస్తారు. మా చేలల్లో మోకాలి లోతు నీళ్లు.

మా వరకు ముంపు అంటే పది సార్లలో ఎక్కువ సార్లు ఈ రెండోదే. దీనికి సూచన ఎవరిస్తున్నారు?

నీటిలెక్క

ఎవరూ ఇవ్వడం లేదనే చెప్పాలి. నది సూచన ఒక విభాగం పని, మురుగు కాలవలు ఇంకో విభాగం పని, వాన మూడో వాళ్లది. మీరన్న ముంపు ఆ మూడింటి మధ్యలో పడిపోతుంది.

కానీ దీన్ని లెక్కగట్టడం నది వరద కంటే తేలిక. ఉదాహరణకి 500 హెక్టార్ల ఆయకట్టు ఒకే మురుగు కాలవలోకి దిగుతుందనుకోండి. 100 మిల్లీమీటర్ల వాన పడింది. హెక్టారుకు వెయ్యి ఘనపు మీటర్లు, మొత్తం 5 లక్షల ఘనపు మీటర్లు. కాలవ సెకనుకు 2 ఘనపు మీటర్లు లాగగలిగితే రెండున్నర లక్షల సెకన్లు, అంటే సుమారు 70 గంటలు. ఇంకినది, ఆవిరైనది తీసేస్తే కొంత తగ్గుతుంది. ఇది షట్టరు తెరిచి ఉంటే. నది సూచన చూసి, కలిసే చోట మట్టం ఎప్పుడు కాలవ మట్టం కిందికి దిగుతుందో గంటల్లో తీసి దీనికి కలపండి. 'మీ చేలో నీళ్లు దాదాపు నాలుగు రోజులుంటాయి' అన్న మాట అక్కడి నుంచి వస్తుంది.

దీనికి కావలసినవి కాలవ కలిసే చోటి మట్టం, పల్లపు చేల ఎత్తు, కాలవ సామర్థ్యం. మూడూ ఒకసారి కొలిస్తే వచ్చేవే.

డేటాసాగు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. గేజిలే లేని నదుల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రపంచంలో చాలా సాగు భూములు అలాంటి వాగుల పక్కనే ఉన్నాయి.

2024 మార్చిలో నేచర్ పత్రికలో గూగుల్ పరిశోధకుల పేపర్ ఒకటి వచ్చింది. ప్రపంచమంతటా 5,680 గేజిల రికార్డుతో ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ ఇచ్చారు. గేజి లేని చోట కూడా అయిదు రోజుల ముందు అది ఇచ్చే సూచన, యూరప్ వాళ్ల ప్రపంచ వరద సూచన వ్యవస్థ గ్లోఫాస్ అదే రోజుకి ఇచ్చే అంచనాతో సమానంగానో ఇంకా మెరుగ్గానో ఉందని చూపించారు. ఒక పరీవాహక ప్రాంతంలో నేర్చుకున్నది ఇంకోదానికి పనికొస్తోంది, అదీ అందులోని గొప్పతనం. గూగుల్ వాళ్ల వరద సూచన సైటు ఫ్లడ్ హబ్, ఈ గ్లోఫాస్ రెండూ ఉచితంగా చూడొచ్చు. గ్లోఫాస్ 2018 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది, అది నేలను విడగొట్టి లెక్కగట్టే గళ్లు ఇప్పుడు సుమారు 5 కిలోమీటర్లవి.

అయితే పొలం మాటకొస్తే జాగ్రత్తగా ఉండాలి. ఇవి చెప్పేది నదిలో ప్రవాహం. 5 కిలోమీటర్ల గడిలో మీ మురుగు కాలవ ఉండదు, షట్టరు ఉండదు. పైన జలాశయం ఉంటే దాని గేట్లు ఎవరు ఎప్పుడు ఎత్తుతారో మోడల్‌కి తెలియదు.

గేజిబల్ల

మోడళ్ల గురించి ఇంత మాట్లాడుతున్నారు. గేజి గురించి నేను మాట్లాడతాను, నా పనే అది కాబట్టి.

నదిలో నిలబెట్టిన కొలబద్ద మీద మనం చదివేది మట్టం. మోడల్ లెక్కగట్టేది ప్రవాహం. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే వంతెన రేటింగ్ కర్వ్: ఇంత మట్టం అంటే సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లు అని ముందే పడవ వేసుకుని, వేగం కొలిచి గీసిపెట్టుకున్న గీత. మామూలు రోజుల్లో ఆ కొలతలు బోలెడు ఉంటాయి. పెద్ద వరదలో పడవ వేసేదెవరు? అందుకే గీత పై భాగం ఎక్కువ చోట్ల ఊహ మీద పొడిగించిందే. మనకు సరిగ్గా కావలసింది ఆ పై భాగమే. వరద వచ్చిపోయాక అడుగున ఇసుక మేట వేసినా, కోసుకుపోయినా పాత గీత పనికిరాదు, మళ్లీ కొలవాలి. ఇప్పుడు వంతెన మీద కెమెరా పెట్టి పై నీళ్ల వేగం చూసి ప్రవాహం అంచనా వేసే పద్ధతి వచ్చింది. మనిషి నీళ్లలో దిగే పని లేదు. దీనికి డబ్బు పెడితే దండగ కాదు.

ఇంకొకటి. 2021 జులైలో జర్మనీలో ఆర్ నది వరదకి ఆల్టెనార్ దగ్గరి గేజే కొట్టుకుపోయింది. ఎంత ఎత్తు వచ్చిందో చెప్పాల్సిన పరికరం, నీళ్లు ఇంకా పెరుగుతుండగానే మూగబోయింది. వరదకు తట్టుకునే చోట, రెండో దారిలో సమాచారం పంపేలా గేజి పెట్టడం సూచనలో భాగమే.

రైతులు సొంతంగా కాలవల్లో కొలబద్దలు పాతుకుంటారు, మంచి పని. దాని సున్నా ఎక్కడుందో సర్వే బిందువుతో కలిపి ఒకసారి రాయించండి. లేకపోతే 'రెండు మీటర్లు' అంటే దేని మీద రెండు మీటర్లో ఎవరికీ తెలియదు, నది మట్టంతో పోల్చడం కుదరదు. నీటిలెక్క గారు చెప్పిన షట్టరు లెక్క మొత్తం ఈ పోలిక మీదే నిలబడి ఉంది.

మేఘంపైనుంచి

ముంపు పటాలు తీయడం నా పని, అందుకని ఆ వైపు నుంచి రెండు మాటలు.

వరద రోజున మబ్బులుంటాయి, మామూలు ఫొటోలో ఏమీ కనిపించదు. అందుకే రాడార్. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్‌కి మబ్బు అడ్డు కాదు, రాత్రీ పగలూ ఒకటే. నిశ్చలంగా ఉన్న నీళ్లు దాని బొమ్మలో నల్లగా కనిపిస్తాయి. అసలు చిక్కు చేలోనే. నీళ్లలోంచి కాడలు పైకి ఉంటే రాడార్ పంపే అల నీటికి, కాడకి తగిలి వెనక్కి వస్తుంది, అప్పుడు ముంపు నల్లగా కాకుండా ఇంకా తెల్లగా పడుతుంది. పంట దట్టంగా ఉంటే దాని అయిదున్నర సెంటీమీటర్ల అల కింది నీళ్ల దాకా దిగనే దిగదు. అలాగే నాట్లకు దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి, మునిగిన మడి ఒకేలా కనిపిస్తాయి. పంట క్యాలెండర్ పక్కన పెట్టుకోకుండా గీసిన ముంపు పటం వరి ప్రాంతంలో తప్పులతడకే.

2025 జులైలో నాసా, ఇస్రో కలిసి పంపిన నిసార్ రాడార్ అల సుమారు 24 సెంటీమీటర్లు, పంట లోపలికి ఇంకా బాగా దిగుతుంది. దాని మీద నాకు చాలా ఆశ ఉంది. కానీ అది ఒకే చోటికి మళ్లీ వచ్చేది 12 రోజులకి. సెంటినెల్-1 ఒక్కో ఉపగ్రహానిదీ అంతే. కాబట్టి నీళ్లు ఎన్ని రోజులున్నాయో ఉపగ్రహం ఒక్కటే చెప్పలేదు.

ఇక నేల ఎత్తులు. ఉచితంగా దొరికే ఎత్తుల పటాలకు ఆధారం చాలా చోట్ల 2000లో అంతరిక్ష షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం. అందులో ఎత్తు తేడా కొన్ని మీటర్లు ఉండొచ్చు, చెట్ల తలలు కూడా నేలగా పడతాయి. మీటరు ఎత్తు కట్ట, అరమీటరు పల్లం, పొలంలో అన్నీ అక్కడే తేలతాయి. విమానం నుంచి లేజర్‌తో తీసే లైడార్ అయితే 10, 15 సెంటీమీటర్ల లోపు వస్తుంది. ఆ సర్వే లేని చోట నేను చేసేది చెబుతాను: పాత వరదల రాడార్ బొమ్మలన్నీ తీసి, ఒక్కోదాని పక్కన ఆ రోజు గేజి మట్టం రాసుకుంటాను. రేపు గేజి ఇంతకు వస్తుందని సూచన వస్తే, ఆ మట్టానికి దగ్గరున్న పాత బొమ్మ తీసి ఏ చేలు మునిగాయో చూపిస్తాను. మధ్యలో కొత్త కట్ట కట్టి ఉంటే మాత్రం అది చెల్లదు.

సాగుసలహా

అందరికీ ధన్యవాదాలు. సంభావ్యత గురించి కూడా అడగాలి. '30 శాతం అవకాశం' అని రాస్తే రైతులు నన్నే అడుగుతారు, వస్తుందా రాదా ఒక మాట చెప్పమని. ఏం చెప్పాలి?

నీటిలెక్క

ఆ శాతాన్ని పనితో కలిపి చెప్పండి. కొంచెం ముందే కోస్తే గింజ పూర్తిగా ముదరక పంట విలువలో 15 పాళ్లు పోతుందనుకుందాం. కోయకుండా ఉంచి వరదొస్తే 75 పాళ్లు పోతుంది. 15ని 75తో భాగిస్తే 20 శాతం. అంటే వరద అవకాశం 20 శాతం దాటిన రోజే ముందు కోతకు దిగడం లాభం. యూరప్ వాతావరణ కేంద్రం ఒకే వాతావరణాన్ని కంప్యూటర్ మోడల్‌లో కొద్దికొద్ది తేడాలతో 51 సార్లు నడుపుతుంది. వాటిలో 11 పరుగులు మీ దగ్గర ముంపు చూపిస్తే 20 శాతం దాటినట్టే. మిగతా 40 చూపించలేదని ఊరుకుంటే నష్టం మీదే.

మోటారు గట్టెక్కించడానికయితే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి 5 శాతానికే కదలొచ్చు. పనిపనికీ గీత వేరు. ఒక షరతు ఉంది: 20 శాతం అని చెప్పిన సందర్భాలన్నీ తీసి చూస్తే అయిదింట ఒకసారి నిజంగా వరద వచ్చి ఉండాలి. అలా సరిచూడని శాతాన్ని రైతుకి ఇవ్వకూడదు.

గట్టుమీద

ఈ లెక్క నాకు నచ్చింది. కాకపోతే సమయం కూడా కలపండి.

మోటారు విప్పి పైకి తేవడానికి గంట చాలు. పశువులను మెరకకి తోలి, మేత చేర్చడానికి పూట పడుతుంది. కోత అలా కాదు. వరద వస్తుందని తెలిస్తే ఊరంతా ఒకేసారి కోత మిషన్ కోసం ఫోన్ చేస్తారు. మిషన్లు రెండే ఉంటాయి. నా వంతు వచ్చేసరికి మూడో రోజు. నేల అప్పటికే తడిసి ఉంటే మిషన్ దిగబడుతుంది, ఇక మనుషులతోనే కోయాలి. నిన్న రాత్రి చెప్పి రేపొద్దున వరద అంటే ఆ సూచన ఎంత కచ్చితంగా ఉన్నా కోతకు పనికిరాదు, ఉన్న టెన్షన్ ఇంకా పెరుగుతుంది. వారం ముందు 'ఉండొచ్చు' అని చెప్పండి, మిషన్ మాట్లాడుకుంటాం. మూడు రోజుల ముందు గట్టిగా చెప్పండి, కోస్తాం. వచ్చే రోజు మోటార్ల సంగతి చూసుకుంటాం. నారు పోయడం వాయిదా వేసుకోవాలంటే ఇంకా ముందు కావాలి.

ఉత్త హెచ్చరికలు వస్తే నమ్మకం పోతుందంటారు. 'ఉండొచ్చు' అని చెప్పి రాకపోతే మాకేం కోపం రాదు. గ్యారంటీగా వస్తుందని చెప్పి రాకపోయినా, ఏమీ చెప్పకుండా వచ్చినా మాత్రం కోపమే.

ముందుజాగ్రత్త

గట్టుమీద గారు చెప్పిన మెట్లు బంగ్లాదేశ్‌లో ఆచరణలో ఉన్నాయి. 2020 జులైలో జమున నది (బ్రహ్మపుత్రకి అక్కడి పేరు) పెద్ద వరద మీద ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి, వరద గరిష్ఠానికి చేరకముందే డబ్బు విడుదల చేసింది. రెండు మెట్లుగా పెట్టుకున్నారు: పది రోజుల ముందు సూచన గీత దాటితే సన్నాహం, అయిదు రోజుల ముందు రెండోది దాటితే అమలు. ఆహార, వ్యవసాయ సంస్థ పశువుల దాణా, విత్తనాలూ ధాన్యమూ తడవకుండా దాచుకునే మూత డ్రమ్ములు పంచింది. డ్రమ్ము చిన్న వస్తువే, కానీ వరద వెళ్లాక మళ్లీ విత్తనం ఉండాలంటే అది ముందే చేతికి రావాలి.

అదే దేశంలో ఈశాన్యాన హావోర్ అనే పల్లపు ప్రాంతాలున్నాయి. అక్కడ బోరో వరి (చలికాలంలో నాటే పంట) కోతకొచ్చే ముందు కొండల మీద వాన పడితే హఠాత్తుగా వరద దిగుతుంది. 2017లో మార్చి చివరికే వచ్చేసి ఇంకా కోతకు రాని చేలను ముంచేసింది. వానాకాలంలో ఆ పల్లపు చేలు నీళ్లలోనే ఉంటాయి, అప్పుడు ఆ మట్టం ఎవరికీ ఇబ్బంది కాదు. పంట చేలో ఉన్న ఆ కొన్ని వారాలే ప్రమాదం. అందుకే అక్కడ వానాకాలానికి ముందు వాడే ప్రమాద మట్టం వేరుగా, తక్కువగా పెట్టుకున్నారు. నా అభిప్రాయంలో సాగు ప్రాంతాలన్నిటికీ ప్రమాద మట్టం పంట దశతో పాటు మారాలి. ఏడాది పొడుగునా ఒకే ఎర్ర గీత అంటే అది ఇళ్ల కోసం గీసిన గీత.

డేటాసాగు

ఈ ఒక్క మార్పుకి కొత్త మోడల్ కూడా అక్కర్లేదు కదా! ఉన్న సూచనే, గీత మాత్రం మార్చాలి.

గేజిబల్ల

జలాశయాల మాట అలాగే ఉండిపోయింది. పైనుంచి ఎంత వదులుతున్నారో గంట గంటకీ కింద వాళ్లకి తెలియకపోతే మోడల్ ఎంత మంచిదైనా గుడ్డిదే. ఎంత వదిలితే ఏ గేజికి ఎన్ని గంటల్లో చేరుతుందో పాత రికార్డుల్లో ఉంటుంది, అది తీసి పట్టికగా పెట్టొచ్చు. కానీ గేట్లు ఎత్తబోయే ముందు ఆ ప్రణాళిక బయటికి రావాలి. ఇది లెక్కల సమస్య కాదు, చెప్పే మనసుండాలి.

సాగుసలహా

సరే, నేను చేయగలిగింది మొదలుపెడతాను. ఈ సీజన్‌కి ఒక మురుగు కాలవ ఎంచుకుని, దాని కింద ఉన్న రైతుల నుంచి రిపోర్టులు తీసుకుంటాను. ఫారంలో పెట్టదలచుకున్నవి: ఏ చేను, పంట దశ, నీళ్లు ఎప్పుడొచ్చాయి, లోతు ఎంత, ఎప్పుడు దిగాయి, ఆ సమయంలో షట్టరు తెరిచి ఉందా మూసి ఉందా. ఇంకేమైనా కావాలా?

మేఘంపైనుంచి

'నీళ్లు రాలేదు' అన్న రిపోర్టు కూడా తప్పకుండా తీసుకోండి. మునిగిన చేల నుంచే సమాచారం వస్తే పటం అంతా మునిగినట్టే తయారవుతుంది. ఫొటో ఒకటి, తేదీతో.

గేజిబల్ల

లోతు చేను మట్టి మీద నుంచి కొలవమనండి. గట్టు మీద నిలబడి అంచనా వేస్తే సగం తేడా వస్తుంది.

గట్టుమీద

కాలవలో గుర్రపుడెక్క ఎంత ఉందో కూడా ఒక గడి పెట్టండి. నది దిగి షట్టరు తెరిచినా కాలవ నిండా డెక్క, నాచు ఉంటే నీళ్లు కదలవు. పోయిన సీజన్‌లో మా పక్క కాలవ ముందు దిగింది, మాది మిగిలింది. వానా ఒకటే, నదీ ఒకటే.

నీటిలెక్క

తప్పకుండా పెట్టాలి. పైన నేను 2 ఘనపు మీటర్లు అని వేసుకున్నాను. డెక్క పట్టి అది 1కి పడితే అదే 5 లక్షల ఘనపు మీటర్లకి 70 గంటలు కాస్తా 140 అవుతుంది. మీ మొక్కజొన్న నిలుస్తుందా పోతుందా అన్నది ఆ గడి మీదే ఆధారపడి ఉంటుంది. వాన మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కాలవ ఫొటో తీసి పంపండి. సామర్థ్యం నేను లెక్కగట్టి ఇస్తాను.